పచ్చ గంజి, దబ్బనం, నా వెనక టైరు

ఫిబ్రవరి 9, 2025. మీటరు 41,230

నిన్న రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో కొండమోడు దాటాక నా బైకు వెనక టైరు కూర్చుండిపోయింది. డిసెంబరు నుంచి లెక్కపెడితే ఇది నాలుగో పంచరు. నాలుగూ వెనక టైరువే. నేల మీద పడుకుని ఉన్న మేకుని ముందు టైరు లేపి నిలబెడుతుంది, వెనక టైరు దాన్ని గుచ్చుకుంటుంది అని మా ఆఫీసులో ఒకాయన అంటుంటాడు. నా లెక్కకి మాత్రం ఆయన మాట సరిపోయింది.

ఇల్లు నరసరావుపేట, ఉద్యోగం పిడుగురాళ్ళ. రానూపోనూ రోజుకి దగ్గర దగ్గర డెబ్భై కిలోమీటర్లు. వాడరేవు వెళ్ళే హైవే వెడల్పు పనుల్లో సెంట్రింగు మేకులు, బైండింగ్ వైరు ముక్కలు దారి పొడవునా రాలుతుంటాయి. వాటికి తోడు సున్నపురాయి లారీల మీంచి జారే కంకర.

గాలి లేని టైరు మీద తోలితే టైరు గోడలు నలిగిపోతాయని తెలుసు కాబట్టి దిగి తోశాను. నలభై నిమిషాలు. రంగేసిన టైరు వేలాడుతున్న ఒక షాపు ముందు నులక మంచం మీద పడుకున్నాయన్ని లేపితే, లుంగీ సర్దుకుంటూ లేచి, సెల్‌ఫోను లైటు నోట కరుచుకుని, మేకు లాగి స్ట్రిప్ (కన్నంలో దూర్చే రబ్బరు పేలిక) వేసి గాలి కొట్టాడు. నాలుగు నిమిషాలు పట్టింది. పగలైతే వంద, రాత్రి కాబట్టి నూట యాభై అన్నాడు. ఆ టైంలో రెండొందలడిగినా ఇచ్చేవాణ్ణి.

నాలుగు నిమిషాల పనే కదా, నేనెందుకు చేసుకోకూడదు అని దారంతా అదే ఆలోచన. పొద్దున్నే ఆఫీసు గ్రూపులో అడిగితే జనం రెండు ముఠాలయ్యారు. సీలెంట్ (టైరులో ముందే పోసి ఉంచితే కన్నాన్ని తనంతట తానే మూసే గంజిలాంటి ద్రవం) పోయించి మర్చిపో అని కొందరు. ఆ గంజి పోస్తే టైరు పనికిరాదు, స్ట్రిప్పులు నేర్చుకో అని కొందరు. రెండో ముఠాలో ఒక్కడు కూడా సీలెంట్ వాడి చూసినవాడు కాదు. మొదటి ముఠాలో ఒక్కడు కూడా తర్వాత టైరు విప్పి చూసినవాడు కాదు. అందుకే రెండూ నేనే చేసి చూసి రాసుకుందామని ఈ డైరీ.

కొన్నవి: స్ట్రిప్ కిట్టు 260, కాలి పంపు 550, గాలి గేజి 300, అర లీటరు సీలెంట్ సీసా 480. మొత్తం 1,590 రూపాయలు, అంటే దగ్గర దగ్గర పదహారు పంచర్ల ఖర్చు. ఇది డబ్బు మిగిల్చే పని కాదని మొదటి రోజే తేలిపోయింది.

గేజి గురించి ఒక మాట. మూడు పెట్రోలు బంకుల్లో 28 పెట్టమని చెప్పి, బయటికొచ్చి నా గేజితో చూశాను. ఒకచోట 25, ఒకచోట 27, ఒకచోట 31. (గాలి ఒత్తిడి కొలత పీఎస్ఐని మా వైపు పాయింట్లు అంటారు, నేనూ అలాగే రాస్తాను.) నా గేజి ఎంత నిజం చెబుతుందో పక్కన పెట్టండి, రోజూ ఒకే గేజితో చూస్తే హెచ్చుతగ్గులైనా సరిగ్గా తెలుస్తాయి. ఇకనుంచి నా గేజి మాటే మాట.

ఫిబ్రవరి 12

మా వీధి చివరి పంచర్ షాపు అన్న దగ్గర పారేసే టైరు ఒకటి అడిగాను. "ఏం చేసుకుంటావు తమ్ముడూ?" అన్నాడు. స్ట్రిప్ వేయడం నేర్చుకుంటానన్నా అంటే, "నా పొట్ట కొట్టడానికి నా దగ్గరే టైరా?" అని నవ్వుతూ ఇచ్చాడు.

కిట్టులో పిడి ఉన్న సూదులు రెండు. ఒకదానికి ఆకురాయిలా పళ్ళుంటాయి, కన్నాన్ని గీకి గరుకు చేయడానికి. రెండోది అచ్చం దబ్బనమే. మిర్చి టిక్కీలు (బస్తాలు) కుట్టే దబ్బనానికి పిడి తొడిగినట్టు ఉంది. తేడా అంతా కంటి దగ్గర: దీని కన్ను చివర సన్నటి చీలిక ఉంటుంది. స్ట్రిప్‌ని ఆ కంట్లో సగానికి ఎక్కించి టైరులోకి పొడిచి, సూదిని వెనక్కి లాగితే స్ట్రిప్ చీలిక గుండా జారి లోపలే ఉండిపోవాలి. స్ట్రిప్ చూడ్డానికి మామిడి తాండ్ర పేలికలా ఉంది. లోపల దారాలు, పైన ఇంకా ఉడకని పచ్చి రబ్బరు. ముట్టుకుంటే వేళ్ళు వదలదు.

పాత టైరులో మేకులు కొట్టి, లాగి, ఆరు కన్నాలు చేసుకున్నాను.

మొదటి కన్నం: మేకు ఏటవాలుగా కొట్టాను, ఆకురాయి సూది నిలువుగా దింపాను. టైరు తిరగేసి చూస్తే లోపల ఒకటికి రెండు కన్నాలు. ఉన్న దారి వదిలేసి కొత్త దారి తవ్వానన్నమాట. మేకు ఏ వాలులో దిగిందో లాగేటప్పుడే గుర్తుపెట్టుకుని సూదినీ అదే వాలులో దింపాలి.

రెండోది: దబ్బనం లాగేటప్పుడు మెలితిప్పాను. స్ట్రిప్ మొత్తం దాని వెంటే బయటికొచ్చింది. మూడోదీ అంతే. నాలుగోసారి మెలి లేకుండా ఒక్క ఊపున తిన్నగా లాగితే ఠప్పుమని సూది వచ్చింది, స్ట్రిప్ ఉండిపోయింది. బయట తోకలు రెండూ సెంటీమీటరున్నర మిగలాలి. అంతకంటే లోతుగా పొడిస్తే మొత్తం లోపల పడిపోతుంది. అయిదోది అలాగే పోయింది.

విడి టైరు మీద నేర్చుకోవడంలో లాభం, లోపలివైపు చూడొచ్చు. సరిగ్గా పడ్డ స్ట్రిప్ లోపల చిన్న కొప్పు ముడిలా కనిపిస్తుంది. ఇబ్బంది ఏమిటంటే, నొక్కితే టైరు వంగిపోతుంది, సూది దిగదు. కింద రాయి పెట్టాల్సి వచ్చింది. షాపు అన్నని అడిగితే, బండి మీద చేసేటప్పుడు గాలి మొత్తం పోనివ్వొద్దని, పది పన్నెండు పాయింట్లు ఉంచుకుంటే టైరు ఎదురు నిలుస్తుందని చెప్పాడు.

ఫిబ్రవరి 16. మీటరు 41,580

ముందు సీలెంట్ సంగతి చూద్దాం. పంచర్లన్నీ వెనకే కాబట్టి వెనక టైరులోనే.

నా టైరు 100/90-17, ట్యూబ్‌లెస్. ఈ సైజుకి 300 మి.లీ. పోయమని సీసా మీద ఉంది. సెంటర్ స్టాండు వేసి, వాల్వ్ పైకి వచ్చేలా చక్రం తిప్పి, వాల్వ్ పిన్ను విప్పాను. గాలి తీయకుండా విప్పాను. పిన్ను తుపాకీ గుండులా ఎగిరి ఎటు పోయిందో తెలియలేదు. ఇరవై నిమిషాలు వెతికితే తులసికోట వెనక దొరికింది. మా అమ్మ అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తూ ఒక్క మాట కూడా అనలేదు. ఆవిడ ఏదో ఒకటి అనేసి ఉంటే బాగుండేది.

సీలెంట్ పచ్చగా, చిక్కటి గంజిలా ఉంది. లోపల సన్నటి పీచు. గొట్టం తగిలించి సీసా పిసికితే పావుగంటకి 300 దిగింది. పిన్ను బిగించి 28 పెట్టి, వెంటనే అయిదు కిలోమీటర్లు తోలమన్నారు కాబట్టి తోలాను. మొదటి కిలోమీటరు నలభై మీద వెనక దడదడ. గంజి ఒకచోట కూడి ఉండి టైరు తూకం తప్పుతుంది. చక్రం తిరిగేకొద్దీ అంతా చుట్టూ పరుచుకుని దడ తగ్గింది. డెబ్భై దాటితే మాత్రం సన్నటి వణుకు మిగిలే ఉంది.

పనిచేసే తీరు నాకు అర్థమైనంత వరకు ఇది: చక్రం తిరిగే వడికి ద్రవం టైరు నేలని తాకే భాగం లోపలి వైపు పొరలా అంటుకుంటుంది. కన్నం పడితే గాలి బయటికి దూకుతూ ద్రవాన్నీ లాక్కుపోతుంది. దాంట్లోని పీచు కన్నం దగ్గర చిక్కుపడుతుంది. సాగర్ కాలవ తూముకి గడ్డీగాదం అడ్డం పడి నీళ్ళు ఆగిపోయినట్టే. పక్క గోడలకి మాత్రం ఈ పొర అందదు, అక్కడ కన్నం పడితే దిక్కులేదు.

మార్చి 2. మీటరు 42,420

గాలి లెక్కలు: ఫిబ్రవరి 16న 28. 19న 28. 23న 27.5. 26న 30! ఈ రోజు 27.5.

గాలి తనంతట తాను పెరగదు కదా. 26న మధ్యాహ్నం ఆఫీసు దగ్గర ఎండలో చూశాను, మిగతావన్నీ ఇంటి దగ్గర పొద్దున ఆరింటికి. పొద్దున 21 డిగ్రీలు, మధ్యాహ్నం 35. ఇంటర్‌లో చదివిన వాయు సూత్రంతో లెక్కేస్తే ఈ పద్నాలుగు డిగ్రీల తేడాకి రెండు పాయింట్లు పెరగాలి, దాదాపు సరిపోయింది. ఇక మీద పొద్దున ఆరింటి లెక్కే రాస్తాను.

ఇంకొకటి. వాల్వ్ కిందివైపు ఉన్నప్పుడు గేజి పెట్టాను. గేజిలోకి గంజి వచ్చేసింది. వేడినీళ్ళలో కడిగితే ముల్లు మళ్ళీ కదిలింది. చూసే ముందు వాల్వ్ పైకి తిప్పుకోవాలి.

మార్చి 14

పంచరు లేదు. గాలి 27.5. ఆఫీసులో రెండో ముఠా వాళ్ళ దగ్గర కొంచెం గొప్పలు పోయాను.

మార్చి 30, ఉగాది. మీటరు 44,100

పండగ కదా అని బండికి తలంటాను. వెనక చక్రం తిప్పుతూ రుద్దుతుంటే టైరు మీద రెండుచోట్ల పచ్చటి మరకలు. ఒకచోట బైండింగ్ వైరు ముక్క. ఇంకోచోట మేకు తల. ఆ తల అరిగి అరిగి టైరుతో సమమై, కొత్త రూపాయి బిళ్ళలా మెరుస్తోంది. నిన్నో మొన్నో గుచ్చుకున్నది కాదది. కనీసం కొన్ని వారాలుగా, కొన్ని వందల కిలోమీటర్లు నాతోపాటు ఆఫీసుకి వచ్చిపోతోంది. ఆ మేకు మీదే అరవై, డెబ్భై స్పీడులో లారీలు దాటాను.

వైరు ముక్క లాగాను. పచ్చటి బొట్టు ఒకటి ఉబ్బింది. చక్రం తిప్పితే పది సెకన్లలో ఆగిపోయింది. నిజం చెప్పాలి, చూస్తుంటే ముచ్చటేసింది.

మేకు అలా కాలేదు. కటింగ్ ప్లేయరుతో లాగితే అంగుళంన్నర మేకు, బాగా వాలుగా దిగి ఉంది. వెనకే పచ్చటి చిమ్మనగొట్టం. పండక్కి వేసుకున్న కొత్త చొక్కా అంతా చుక్కలు. కన్నం కిందికి వచ్చేలా తిప్పి పట్టుకుని, మళ్ళీ తిప్పి, మళ్ళీ పట్టుకుని కూర్చుంటే 14 దగ్గర ఆగింది. పంపు కొట్టి 28 పెట్టాను.

మార్చి 31

పొద్దున 19. ఒక్క రాత్రిలో తొమ్మిది పాయింట్లు పోయాయి. రంజాన్ పండగ, షాపు లేదు. సరే, నేర్చుకున్న విద్య ఉంది కదా అని దబ్బనం తీశాను.

ఆకురాయి సూది దింపగానే పచ్చ గంజి పిడి దాకా కారింది. గుడ్డతో తుడిచాను, మళ్ళీ కారింది. సొల్యూషన్ (రబ్బరు జిగురు) రాస్తే తడి మీద నూనె రాసినట్టు జారిపోతోంది. ఎలాగోలా స్ట్రిప్ దించాను, తోకలు కోశాను, 28 పెట్టాను. సబ్బునీళ్ళు పోస్తే బుడగల్లేవు. పది నిమిషాల తర్వాత మళ్ళీ పోస్తే ఒక్కొక్కటే, తీరుబడిగా, బుడగలు.

ఏప్రిల్ 1: పొద్దున 22. ఏప్రిల్ 2: గాలి నింపి వెళ్ళినా సాయంత్రానికి 20. స్ట్రిప్ చుట్టూ పచ్చటి తడి.

ఏప్రిల్ 3. మీటరు 44,310

సగం రోజు సెలవు పెట్టి షాపుకి వెళ్ళాను. అన్న వాల్వ్ దగ్గర పచ్చ చూసి తల పట్టుకున్నాడు. "ఇది పోసినోళ్ళ టైరు ముట్టుకోవాలంటే చిరాకు తమ్ముడూ. కడగాలి, తుడవాలి, ఆరబెట్టాలి. అప్పటిదాకా సొల్యూషన్ పట్టదు. టైము నీదా నాదా?"

టైరు విప్పాడు. ఈ ప్రాజెక్టు మొత్తంలో నేను నేర్చుకున్నది ఎక్కువ భాగం ఆ తర్వాతి పది నిమిషాల్లోనే.

నా స్ట్రిప్‌ని రెండు వేళ్ళతో లాగితే వచ్చేసింది. సొల్యూషన్ పాల మీగడలా పొరగా ఊడింది. రబ్బరుకి రబ్బరు అతుక్కోనే లేదు, మధ్యలో గంజి. కన్నం గుండ్రంగా లేదు, కోడిగుడ్డు ఆకారానికి సాగింది. మేకు మందం మూడున్నర మిల్లీమీటర్లు. అన్న దగ్గరున్న 5 మి.మీ. డ్రిల్ బిట్ దూరిస్తే వదులుగా దూరింది. లోపలి పొర మీద మేకు మొన గీసిన గీత చిటికెన వేలంత పొడవు. ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు పని చేసేది ఆ పొరే. బ్యూటైల్ జాతి రబ్బరుతో చేస్తారు, గాలిని అంత తేలిగ్గా పోనివ్వదు. ఆ గీత ఇంకొంచెం లోతుకి పోయి ఉంటే టైరే మార్చాల్సి వచ్చేది.

ఇంటికొచ్చి లెక్కేశాను. నా టైరు ఒక్క చుట్టు తిరిగితే 1.92 మీటర్లు. కిలోమీటరుకి 520 చుట్లు. రోజుకి డెబ్భై కిలోమీటర్లంటే ముప్ఫై ఆరు వేల సార్లు ఆ మేకు తల నేలకి నొక్కుకుని, లోపలి మొన అటూ ఇటూ ఊగింది. గునపం పెట్టి కుదిపినట్టు. కన్నం పెద్దది కాక ఏమవుతుంది?

సీలెంట్ తను ఒప్పుకున్న పని చేసింది. గాలి ఆపింది. దాని మీద నాకు కోపం లేదు. కాకపోతే గాలి దిగడమనేది ఒక కబురు. మేకు దిగిందని టైరు నాకు చెప్పగలిగిన మాట అదొక్కటే. ఆ మాట నా చెవిన పడకుండా సీలెంట్ అడ్డుపడింది. స్ట్రిప్ వేసేవాడు మేకుని కళ్ళతో చూస్తాడు, చేత్తో లాగుతాడు, ఏ వాలులో దిగిందో తెలుసుకుంటాడు. సీలెంట్ పోసుకున్నవాడికి పంచరైన సంగతే తెలియదు.

అన్న టైరు లోపల నీళ్ళతో కడిగి, ఎండలో పెట్టి, ఆకురాయితో రుద్ది, పుట్టగొడుగు ప్యాచీ వేశాడు. కాడ కన్నంలోంచి బయటికి, గొడుగు లోపలి పొరకి అతుక్కుని. 250 అయ్యే పనికి కడిగినందుకు ఇంకో వంద. నిజానికి అసలైన రిపేరు ఇదే. అమెరికా టైరు తయారీదార్ల సంఘం చెప్పేదీ ఇదే: టైరు విప్పి లోపల చూడాలి, కన్నంలో కాడ, లోపల ప్యాచీ, రెండూ ఉండాలి, కన్నం పావు అంగుళం అంటే ఆరు మి.మీ. మించకూడదు, నేలని తాకే భాగంలోనే ఉండాలి, స్ట్రిప్ ఒక్కటే వేస్తే అది పూర్తి రిపేరు కిందికి రాదు. మన దగ్గర టూవీలర్‌కి స్ట్రిప్ వేసి టైరు అరిగేదాకా తిరగడం మామూలు. నేనూ తిరుగుతాను, కానీ వెనక చక్రానికి మాత్రమే. ముందు టైరుకి పంచరైతే స్ట్రిప్‌తో షాపు దాకా, అక్కడ పుట్టగొడుగు. ముందు చక్రం గాలి ఒక్కసారిగా పోతే హ్యాండిల్ మన మాట వినదు.

ఏప్రిల్ 13

సీసాలో 200 మి.లీ. మిగిలింది. రొంపిచర్ల వైపు మా ఊళ్ళో బాబాయికి ఎక్సెల్ మోపెడ్ ఉంది. దానికి ట్యూబ్ టైర్లు. పొలం గట్ల మీద సర్కారు తుమ్మ కంప. వారానికి రెండు పంచర్లు ఆయనకి మామూలే. పంచరైనప్పుడల్లా మూడు కిలోమీటర్లు తోసుకుంటూ వచ్చి, ట్యూబు లాగి, ప్యాచీ వేయించాలి. ట్యూబు బండికి స్ట్రిప్ అనే ప్రశ్నే లేదు. టైరులో దించితే ట్యూబుకి ఇంకో కన్నం పడుతుంది, అంతే.

"ఏందిరా ఈ పచ్చ గంజి?" అన్నాడు బాబాయి.

సంగతి చెప్పి, రెండు చక్రాలకీ చెరి వంద పోశాను. ఈసారి గాలి తీసి, వేలు అడ్డం పెట్టి పిన్ను విప్పాను.

నా బండి మీద తప్పనిపించింది ఇక్కడెందుకు ఒప్పనిపించిందంటే, తుమ్మ ముల్లు మేకు కాదు. సన్నం, మిల్లీమీటరు, ఒకటిన్నర. ఒకటి కాదు, మళ్ళీ మళ్ళీ దిగుతూనే ఉంటాయి. ఏ ఒక్క ముల్లు కబురూ అంత ముఖ్యం కాదు. బండి నలభై దాటదు. వారానికోసారి చక్రం తిప్పి, పేలు చూసినట్టు ముళ్ళు ఏరి పారేయమని మాత్రం చెప్పి వచ్చాను.

ఏప్రిల్ 27

బాబాయి ఫోను. రెండు వారాల్లో పదకొండు ముళ్ళు ఏరాడట, ఒక్క పంచరూ లేదట. ఊళ్ళో ఇంకో నలుగురికి కావాలట.

ఇదే రోజు బావ కారు చూశాను. కొత్త కారు, డిక్కీ తెరిస్తే స్టెప్నీ లేదు. దాని చోట చిన్న కంప్రెసరు, ఒక సీసా. స్టెప్నీ లేకుండా కారు అమ్మొచ్చా అని బావ అనుమానం. 2020 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. ట్యూబ్‌లెస్ టైర్లు, రిపేరు కిట్టు, గాలి తగ్గితే చెప్పే సెన్సార్ల ఏర్పాటు ఉంటే డ్రైవరుతో కలిపి తొమ్మిది సీట్లకి మించని, మూడున్నర టన్నుల లోపు బళ్ళకి స్టెప్నీ తప్పనిసరి కాదు.

ఆ సీసాలోది నేను పోసిన గంజి లాంటిది కాదు. ముందుగా పోసి ఉంచుకునేది కాదు, పంచరయ్యాక పోసేది. ఇలాంటి వాటిలో ఎక్కువగా రబ్బరు పాలు ఉంటాయి, గడ్డకట్టకుండా అమ్మోనియా కలుపుతారు, మూత తీస్తే ముక్కు అదిరిపోతుంది. కన్నం దగ్గర గడ్డకడుతుంది. పోసిన వెంటనే కొన్ని కిలోమీటర్లు తోలి, ఆగి, గాలి మళ్ళీ చూసుకోవాలి. ఎనభై దాటకూడదు. షాపు చేరేదాకానే. సీసా మీద గడువు తేదీ ఉంటుంది. బావకి ఆ సంగతి ఇప్పుడే తెలిసింది. స్టెప్నీ లేని కారున్నవాళ్ళు ఒకసారి డిక్కీ తెరిచి ఆ తేదీ చూసుకోండి.

కారుకి నా దబ్బనం వాడతానన్నాడు. ఒద్దన్నాను. నా బైకు టైరు సైజులో 90 తర్వాత అడ్డగీత ఉంది, అంటే బయాస్ టైరు, లోపల నైలాను దారాలు. కారు టైరు మీద ఆర్ అని ఉంటుంది, రేడియల్, లోపల ఉక్కు తీగల పట్టీ. ఆకురాయి సూదితో అడ్డదిడ్డంగా గీకితే తీగలు తెగుతాయి. కన్నం సరిగ్గా మూయకపోతే నీళ్ళు దిగి తుప్పు పడతాయి. దారి మధ్యలో గతిలేక చేస్తే చేయొచ్చు. తర్వాత విప్పించి ప్యాచీ వేయించాల్సిందే.

మే 8. మీటరు 46,340

వచ్చింది. సాయంత్రం ఆరుంబావు, అదే కొండమోడు దగ్గర, అదే వెనక టైరు.

ఈసారి గంజి లేదు కాబట్టి టైరు చెప్పాల్సింది చెప్పింది. వెనక బండి అటూ ఇటూ ఊగడం మొదలైంది. వెంటనే ఆగి గేజి పెట్టాను, 16. సెంటర్ స్టాండు వేసి చక్రం తిప్పితే రెండో చుట్టులోనే తళుక్కుమంది. స్క్రూ, నక్షత్రం గాడి తల. టైరు మధ్య గీతకి వేలెడు పక్కన, అంటే స్ట్రిప్ వేయొచ్చు.

లాగేముందు స్ట్రిప్‌ని దబ్బనానికి ఎక్కించి, సొల్యూషన్ రాసి పక్కన పెట్టుకున్నాను. స్క్రూ లాగాక గాలి మొత్తం పోకముందే పని కావాలి. స్క్రూని లాగకూడదు, విప్పాలి. స్క్రూడ్రైవరుతో ఆరు తిప్పులకి వచ్చింది. వాలు చూసుకున్నా, దాదాపు నిలువు. ఆకురాయి సూది దించి పది పన్నెండుసార్లు ఆడించా. చెయ్యి నొప్పి పుట్టింది. విడి టైరు కంటే ఇది మొండిది. దబ్బనం దిగనంటే దిగనంది. మోకాలు ఆనించి ఒళ్ళంతా బరువేసి నొక్కితే ఒక్కసారిగా దిగింది. తోకలు చూసుకుని, ఊపిరి బిగబట్టి, తిన్నగా లాగాను. ఠప్పు. స్ట్రిప్ ఉంది.

పంపు నూట పది తొక్కులు. 28. ఉమ్మి రాసి చూశాను, బుడగ లేదు. నీళ్ళ సీసా ఉంది కానీ ఆ ఉక్కలో దాన్ని టైరు మీద పోయడానికి మనసొప్పలేదు. తోకలు బ్లేడుతో కోశాను, మొదలంటా కాదు, రెండు మిల్లీమీటర్లు వదిలేసి.

మొత్తం ఇరవై ఏడు నిమిషాలు. షాపు అన్నకి నాలుగు. ఎడమ అరచేతిలో బొబ్బ. పక్కనుంచి గొర్రెలు తోలుకుపోతున్న పెద్దాయన కాసేపు నిలబడి చూసి, "పంచర్ షాపాయనవా బాబూ?" అని అడిగాడు. ఔనని చెబుదామనిపించింది.

మే 25

బాబాయి బండి ఆగిపోయింది. వెళ్ళి చూస్తే వెనక చక్రం, చైను, మడ్‌గార్డు అంతా పచ్చగా ఉన్నాయి. ట్యూబు వాల్వ్ మొదట్లో చీలింది. అలాంటి చీలికని ఏ సీలెంటూ ఆపలేదు.

ముల్లు తప్పు కాదు. రెండు బస్తాలు వేసుకుని తిరిగాడు, గాలి చాలా తక్కువగా ఉంది. గాలి తక్కువైతే టైరు రిమ్ము మీద కొద్దికొద్దిగా జరుగుతుంది, దానితోపాటు ట్యూబునీ లాగుతుంది, వాల్వ్ మాత్రం రిమ్ము కన్నంలో ఇరుక్కుని కదలదు. ఆ లాగుడుకి చీలుతుంది.

"గాలి ఎప్పుడు కొట్టించావు బాబాయ్?"

"పంచరే లేనప్పుడు గాలెందుకురా?"

ఆయన చెప్పింది నిజమే. ఇదివరకు వారానికి రెండుసార్లు పంచరేయించుకునేవాడు కాబట్టి వారానికి రెండుసార్లు కొత్త గాలి పడేది. గంజి పోశాక ఆరు వారాలు ఎవరూ గాలి చూడలేదు. నా బండిలో మేకు దాక్కుంది, ఆయన బండిలో గాలి తగ్గిన సంగతి దాక్కుంది. నేను చెప్పాల్సింది ముళ్ళ గురించి మాత్రమే కాదు, తప్పు నాదే.

కొత్త ట్యూబు వేయించి, మళ్ళీ గంజే పోశాం. ఆ కంపలో ఇంకో మార్గం లేదు.

జూన్ 22. మీటరు 49,000

మే 8 నాటి స్ట్రిప్ మీద 2,660 కిలోమీటర్లు అయ్యాయి. వదిలేసిన తోకలు అరిగి టైరుతో సమమయ్యాయి. చేత్తో తడిమితేనే తెలుస్తుంది. గాలి పదిహేను రోజులకి అర పాయింటు తగ్గుతోంది, ఏ కన్నం లేని ముందు టైరు తగ్గినట్టే. ఏప్రిల్ నాటి పుట్టగొడుగు దగ్గర సబ్బునీళ్ళు పోస్తే ఏమీ లేదు. వానల్లో కూడా చూశాను, తేడా లేదు.

ఆదివారం పొద్దున చక్రం తిప్పి చూడడం అలవాటైంది. ఈ రోజు వెనక టైరు గాడిలో గాజు పెంకు, ముందు టైరులో చిన్న కంకర రాయి. రెండూ పైపైనే ఉన్నాయి, సూదితో తీసేశాను. కిట్టులో స్ట్రిప్పులు రెండే మిగిలాయి, సొల్యూషన్ ట్యూబు మూత సరిగ్గా పెట్టక సగం ఎండిపోయింది. కొత్తది కొనాలి.

ఇది రాస్తుండగా బాబాయి ఫోను. పచ్చ గంజి సీసాలు రెండు తెచ్చిపెట్టమని, డబ్బులు వాళ్ళంతా వేసుకున్నారని. తెస్తాను గానీ ఊరందరికీ కలిపి ఒక గేజి కొనుక్కోవాలి, ప్రతి ఆదివారం చూడాలి అన్నాను.

"గేజీ నువ్వే తేరా. ఆదివారం నువ్వే వచ్చి చూడు. మీ పిన్ని నాటుకోడి వండుతానంది."